కార్డ్‌లెస్ డ్రిల్ ఎంచుకోవడం – 2వ పాఠం: డబ్బా మీది అంకెలు

పోయిన పాఠంలో ఇంట్లో డ్రిల్‌తో పడే పనులన్నీ రాసుకోమన్నాను కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇప్పుడు దానితోనే పని.

ముందు వోల్టులు. ఒక డబ్బా మీద 18 అని, ఇంకోదాని మీద "20 మ్యాక్స్" అని ఉంటే రెండోదే బలమైనదని అనిపిస్తుంది, కానీ రెండింట్లోనూ వరుసగా కలిపినవి 5 లిథియం సెల్సే. ఒక్కో సెల్‌కి నిండు ఛార్జ్‌లో ఉండే దాదాపు 4 వోల్టుల చొప్పున లెక్కేస్తే 20, పనిలో ఉండే సగటు 3.6 చొప్పున వేస్తే 18. తేడా లేదు. మీ కాగితంలో చెక్కపని, ఫర్నిచర్ బిగింపులే ఉంటే 12 చాలు, చేతికి తేలిక కూడా. ఇటుక గోడకు రంధ్రాలుంటే 18 తీసుకోండి, సుత్తి గుర్తు ఉన్న హ్యామర్ మోడ్ (తిరుగుతూనే కొట్టేది) తప్పనిసరి. కాంక్రీట్ పిల్లర్లకు మాత్రం అదీ చాలదు, ఇంకా గట్టిగా కొట్టే రోటరీ హ్యామర్ అనే యంత్రం అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

ఎక్కువమంది పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది, రంధ్రం వేసే బిట్‌ని పట్టుకునే చక్ వెనక ఉండే క్లచ్ రింగ్, అంటే బలం ఒక హద్దు దాటగానే స్క్రూని తిప్పడం ఆపేది. దాని మీది అంకెలు టార్క్ (తిప్పే బలం) కొలతలు కావు, తక్కువ నుంచి ఎక్కువకు వరుస మాత్రమే. నెమ్మదిగా తిరిగే గేరు 1లో పెట్టి, రింగ్‌ని చిన్న అంకెకు తిప్పి, పనికిరాని చెక్క ముక్కలో స్క్రూ దింపండి. తల ఇంకా పైన ఉండగానే టకటకమని క్లచ్ జారిపోతుంది. ఒక్కో అంకె పెంచుకుంటూ పోతే, ఒకచోట తల సరిగ్గా చెక్కతో సమానంగా వచ్చి ఆగుతుంది, ఆ స్క్రూకి ఆ చెక్కలో అదే మీ అంకె. రంధ్రాలు వేసేటప్పుడు రింగ్‌ని డ్రిల్ గుర్తు మీద పెట్టి గేరు 2కి మారండి, అదీ మోటార్ ఆగాకే.

బ్యాటరీ విషయంలో 4 ఆంపియర్ అవర్‌ది (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) ఒకటి కన్నా 2వి రెండు నయం, ఒకటి ఛార్జింగ్‌లో ఉన్నా పని ఆగదు, చేతికి బరువూ తగ్గుతుంది. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ డ్రిల్‌కి పట్టదు కాబట్టి, విడి బ్యాటరీ ధర ముందే అడగండి.

ఈ పాఠానికి అభ్యాసం: డ్రిల్ చేతికి దొరికితే సన్నని బిట్ బిగించి నెమ్మదిగా తిప్పండి. కొన నిలకడగా ఉండకుండా సున్నా చుడుతుంటే, బిట్ తీసి మళ్లీ బిగించి చూడండి. వేరే బిట్‌తోనూ అలాగే ఊగితే ఆ డ్రిల్ వద్దు. వచ్చే పాఠంలో బిట్లు.