కాల్పనికేతర పుస్తకాల్లో రకాలను గుర్తుపట్టడం ఎలా?

కథలు, నవలలు, కవిత్వం పక్కకు తీసేసి మిగిలినవన్నీ ఒకే అరలో సర్దేయడం మన పుస్తకాల షాపుల్లో మామూలే. స్వాతంత్ర్య సమరయోధుడి ఆత్మకథ, పక్కన మధుమేహానికి ఆహార నియమాలు, ఆ పక్కన కాకతీయుల చరిత్ర, చివర్లో వ్యక్తిత్వ వికాసం. కల్పన కాదన్న ఒక్క పోలిక తప్ప వీటి మధ్య చుట్టరికమేమీ లేదు. ఈ కలగలుపు వల్ల చదివేవాళ్లు తికమకపడతారు. ఒకరి జ్ఞాపకాలను చరిత్రగా తీసుకుని వాదనకు దిగుతారు. చారిత్రక నవలలోని సంభాషణను అచ్చంగా జరిగినట్టే ఇంకొకరికి చెబుతారు. అభిప్రాయ వ్యాసాన్ని పరిశోధన అనుకుంటారు.

పుస్తకం ఏ రకానిదో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ ఆగి ప్రశ్నించాలో, తర్వాత ఏది చదవాలో తెలుస్తుంది. విషయాన్ని చూసి రకాన్ని తేల్చడం మాత్రం తొందరపాటే. ఒకే విషయం మీద ఎన్నో రకాల పుస్తకాలు వస్తాయి. రాసిన మనిషికి ఆ సంగతి ఎలా తెలిసింది? పాఠకుడికి ఏమని మాట ఇస్తున్నాడు? రకాన్ని నిర్ణయించేవి ఈ రెండే. కింది వరుసలో చూస్తూ వెళ్తే పుస్తకం కొనకముందే, షాపులో నిలబడే చాలావరకు తేల్చుకోవచ్చు.

1. అసలు పాఠానికి ముందున్న పేజీలు చదవండి

లోపలి మొదటి పేజీలో పుస్తకం పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: స్వీయచరిత్ర, జ్ఞాపకాలు, వ్యాసాలు, యాత్రాకథనం, నవల. చాలామంది కళ్లు దాని మీద నిలవవు. పేజీ తిప్పితే ప్రచురణ వివరాలు కనిపిస్తాయి. తొలి ముద్రణ ఏ సంవత్సరమో, అనువాదమైతే మూలం ఏ భాషో, ముందుగా పత్రికలో ధారావాహికగా వచ్చిందో లేదో అక్కడ చూసుకోండి.

ఆ తర్వాత ముందుమాటలు. తెలుగు పుస్తకాల్లో పెద్దల అభినందనలు తరచూ రెండు మూడు ఉంటాయి. వాటిని తర్వాత చదవవచ్చు, ముందు రచయిత స్వయంగా రాసుకున్న ‘నా మాట’కు వెళ్లండి. తాను ఏం రాశాడో, ఏం రాయలేదో చెప్పేది అక్కడే.

గాంధీజీ ఆత్మకథ ‘సత్యశోధన’ ఇందుకు మంచి ఉదాహరణ. పూర్తి స్థాయి ఆత్మకథ రాయడం తన ఉద్దేశం కాదని, సత్యంతో తాను చేసిన ప్రయోగాలను చెప్పుకోవడమే తన పని అని ఆయన ప్రస్తావనలోనే స్పష్టం చేశారు. 1925 నుంచి 1929 వరకు ‘నవజీవన్’ పత్రికలో భాగాలుగా వచ్చిన ఆ రచన 1920 ప్రాంతంలోనే ఆగిపోతుంది. ఉప్పు సత్యాగ్రహం జరిగింది 1930లో. దండి యాత్ర గురించి గాంధీజీ స్వయంగా ఏం చెప్పారో తెలుసుకోవాలని ఈ పుస్తకం కొన్నవాళ్లకు అది దొరకదు. తేదీలు చూసుకుంటే చాలు, ఆ నిరాశ తప్పుతుంది.

2. ‘నేను’ అంటున్నది ఎవరు?

మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవండి. మాట్లాడుతున్నది తన జీవితం గురించి తానే అయితే అది ఆత్మకథ లేదా జ్ఞాపకాలు. పుట్టుక మొదలు వరుసగా చెప్పుకుంటూ వస్తే ఆత్మకథ. ఒక దశనో, ఒక ఉద్యోగాన్నో, ఒక ఉద్యమాన్నో పట్టుకుని చెబితే జ్ఞాపకాలు. ఒకరి జీవితాన్ని వేరొకరు రాస్తే జీవిత చరిత్ర. ఈ చివరిదానికి తెలుగులో గట్టి పునాదే ఉంది. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి తన తొలి ప్రచురణగా ఎంచుకున్నది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్రనే.

ఆత్మకథ రాసే మనిషికి తన మనసులో ఏముందో తెలుసు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలియదు. జీవిత చరిత్ర రాసేవాడు నాలుగు వైపుల వాదనా వినగలడు కానీ, ఫలానా రాత్రి ఆ మనిషి ఏమనుకున్నాడో చెప్పాలంటే ఉత్తరమో డైరీయో చేతిలో ఉండాలి. అలాంటి ఆధారం ఏదీ చూపకుండా ‘ఆయన మనసులో ఇలా తలపోశాడు’ అని జీవిత చరిత్రకారుడు రాస్తే అక్కడ పెన్సిల్‌తో ఒక గీత గీసుకోండి.

3. సంఘటనకూ రాతకూ మధ్య ఎంత కాలం గడిచింది?

ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాషను ఇంకొకరికి అనువదించి చెప్పేవారిగా పనిచేసినవారు. 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. దారి పొడవునా చూసినదాన్ని ఎప్పటికప్పుడు రాసి పెట్టారు. ఆ రాతలే ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. ఏ ఊళ్లో ఏ సరుకులు దొరుకుతాయి, దారి ఎలా ఉంది, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఎవరి పాలన సాగుతోంది వంటి వివరాలన్నీ ఆ ప్రయాణం నడుస్తున్న రోజుల్లోనే కాగితం మీదికి ఎక్కాయి. అందుకే ఆ యాత్రాకథనాన్ని చరిత్రకారులు కూడా ఆధారంగా వాడుకుంటున్నారు.

అదే ప్రయాణం గురించి ఆయన ముప్పై ఏళ్ల తర్వాత గుర్తు చేసుకుని రాసి ఉంటే పుస్తకం ఇంకా అందంగా కుదిరేదేమో కానీ, ఆ వివరాల మీద ఇంత భరోసా ఉండేది కాదు. డైరీలు, ఉత్తరాలు, రోజువారీ యాత్రాకథనాలు చిన్న విషయాల్లో నమ్మదగినవి. వృద్ధాప్యంలో రాసిన జ్ఞాపకాలు, జరిగినదానికి రాసిన మనిషి చివరికి ఏ అర్థం చెప్పుకున్నాడో తెలుసుకోవడానికి పనికొస్తాయి. రెండూ విలువైనవే. ఒకదాని పని ఇంకొకదానితో చేయించకూడదు.

4. ఆధారాలను వెతకండి

ఇప్పుడు పుస్తకం చివరి పేజీలకు వెళ్లండి. పాదసూచికలు, ఉపయుక్త గ్రంథాల పట్టిక, పేర్ల సూచిక ఉన్నాయా? ఉంటే రచయిత తన మాటను సరిచూసుకునే వీలు మీకు ఇస్తున్నాడన్నమాట. పరిశోధన గ్రంథానికి ఇవి తప్పనిసరి. సామాన్య పాఠకుల కోసం రాసిన చరిత్రలో, విజ్ఞాన గ్రంథాల్లో కాస్త తక్కువగా ఉండవచ్చు. కొత్త విషయం కనిపెట్టానని చెప్పుకుంటూ ఒక్క ఆధారమూ చూపని పుస్తకాన్ని అభిప్రాయంగానే చదవాలి.

ఆధారాలు ఉన్నాయని తృప్తిపడి వదిలేయకుండా, అవి ఎలాంటివో కూడా చూడండి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాల వెంట పడింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది ఈ పుస్తకమే. శాసనాల్లో దొరకని ఈ సంగతులను ప్రతాపరెడ్డి ఎక్కువగా కావ్యాల నుంచి ఏరి తెచ్చారు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల కోసం ‘క్రీడాభిరామం’ వంటి రచనలను ఆశ్రయించారు. అది ఎంతో తెలివైన పద్ధతి. చదివేవాళ్లు మాత్రం ప్రతి పేజీలో ఒక ప్రశ్న గుర్తుంచుకోవాలి: ఇది కవి కళ్లారా చూసిన సంగతా, కావ్యమర్యాద కొద్దీ చేసిన వర్ణనా? అలా ప్రశ్నిస్తూ చదివితే ఆ పుస్తకం మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

5. ఒకే విషయం మీది పుస్తకాలను పక్కపక్కన పెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. రకాల మధ్య తేడా నిర్వచనాల వల్ల బోధపడదు, పక్కపక్కన పెట్టి చదివితేనే తెలుస్తుంది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని తీసుకోండి. దీని మీద ఉన్నన్ని రకాల రచనలు మనకు చాలా తక్కువ విషయాల మీద ఉన్నాయి.

పుచ్చలపల్లి సుందరయ్య రాసిన పోరాట చరిత్ర ఇంగ్లీషులో 1972లో వెలువడింది, తెలుగులోనూ ఉంది. గ్రామాలు, దళాలు, దాడులు, నిర్బంధాలు, కమ్యూనిస్టు పార్టీ నిర్ణయాలు వివరంగా దొరుకుతాయి. ఉద్యమాన్ని నడిపించిన నాయకుడే రాసిన చరిత్ర ఇది. ‘ఏం జరిగింది’ అన్నదానితో పాటు ‘మేం చేసింది ఎందుకు సరైనది’ అన్న వాదన కూడా అందులో ఉంటుంది.

రావి నారాయణరెడ్డి రాసినవి జ్ఞాపకాలు, అనుభవాలు. ఆయనా అదే పోరాటానికి నాయకుడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిశాక పోరాటాన్ని ఆపేయాలన్నది ఆయన వైఖరి. కొనసాగించడం సరైనదేనన్నది సుందరయ్య వాదన. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే పోరాటాన్ని ఇద్దరు నాయకులు రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. ఏదో ఒక్క పుస్తకమే చదివినవాళ్లకు ఈ విభేదం ఎంత లోతైనదో తెలిసే అవకాశం లేదు.

మూడోది స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. మల్లు స్వరాజ్యం సహా ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్లు చెప్పింది విని, రికార్డు చేసి అచ్చువేసిన మౌఖిక చరిత్ర ఇది. ఇందులో ‘నేను’ ఒకరు కాదు, చాలామంది. దళంలో బతుకు ఎలా గడిచింది, పోరాటం ఆగాక ఇళ్లకు వెళ్లిపొమ్మన్నప్పుడు ఏమనిపించింది వంటి సంగతులు వాళ్ల నోటి మాటల్లోనే వినిపిస్తాయి. తేదీల కోసం వెళ్తే ఈ పుస్తకం తడబడినట్టు కనిపిస్తుంది. నాయకుల చరిత్రల్లో చోటు దక్కని మనుషుల కోసం వెళ్తే, దీనికి సాటి వచ్చేది నాకు మరొకటి కనిపించలేదు.

ఇక దాశరథి రంగాచార్య. పోలీసు చర్యకు, అంటే పైన చెప్పిన 1948 నాటి సైన్యం రాకకు ముందటి తెలంగాణ పల్లెను ‘చిల్లర దేవుళ్లు’ నవలగా రాశారు. ‘జీవనయానం’ పేరుతో ఆత్మకథా రాశారు. ఒకే రచయిత, ఒకే నేల. నవలలో దొర ఆడిన మాటను ఫలానా దొర ఫలానా రోజున అన్నాడని ఎవరూ చెప్పలేరు, చెప్పాల్సిన పనీ లేదు. ఆత్మకథలో ఒక మనిషి పేరు వస్తే ఆ మనిషి నిజంగా ఉన్నట్టే, రాసినదానికి రచయిత బాధ్యుడే. ఈ రెండింటినీ వరుసగా చదవండి, కల్పనకూ కాల్పనికేతరానికీ మధ్య గీత ఎక్కడుందో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

6. గీత మీద నిలబడ్డ పుస్తకాలను ఏం చేయాలి?

కొన్ని ఎటూ ఒదగవు. శ్రీశ్రీ తన జీవితం గురించి రాసిన ‘అనంతం’ ఆత్మచరిత్రాత్మక నవలగా వచ్చింది. అంటే కొంత స్వేచ్ఛ తీసుకుంటానని ముందే చెప్పినట్టు. అలాంటప్పుడు ఆయన బతుకు గురించిన తేదీకో సంఘటనకో ఆ ఒక్క పుస్తకాన్నే సాక్ష్యంగా పెట్టుకోవద్దు. ఆయన మనసు, హాస్యం, కోపం తెలుసుకోవడానికి నిశ్చింతగా చదవండి. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాల్లో జంఘాలశాస్త్రి కల్పిత పాత్రే, అందులోని సంఘవిమర్శ మాత్రం నిజమైనది. అవి వ్యాసాలే.

7. పనికొచ్చే పుస్తకాల దగ్గర ఇంకొంచెం కఠినంగా ఉండండి

వంట, తోటపని, కుట్టుపని నేర్పే పుస్తకాలకు పరీక్ష తేలిక: చెప్పినట్టు చేస్తే కుదిరిందా లేదా. ఆరోగ్యం, పెట్టుబడులు, చట్టం గురించిన పుస్తకాల్లో మాత్రం రెండు విషయాలు తప్పకుండా చూడాలి. రచయిత ఆ రంగంలో చదువుకుని పనిచేసినవారేనా? మీ చేతిలో ఉన్నది ఏ సంవత్సరపు ముద్రణ? ఆదాయపు పన్ను మీద పాత ముద్రణ తక్కువ ధరకు దొరికిందని కొంటే నష్టమే. మందుల మోతాదును ఏ పుస్తకమూ చూసి మార్చుకోవద్దు, వైద్యుణ్ని అడగండి. వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో వచ్చే ‘ఒక ఊళ్లో ఒక యువకుడు’ తరహా విజయగాథలను నీతికథలుగా చదివితే ఇబ్బంది లేదు, రుజువులుగా తీసుకుంటేనే ఇబ్బంది.

8. గ్రంథాలయంలో అంకెలను వాడుకోండి

చాలా గ్రంథాలయాలు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో పుస్తకాలను సర్దుతాయి. వీపు మీద అంటించిన చీటీలో 500ల అంకె ఉంటే ప్రకృతి శాస్త్రాలు, 600ల్లో వైద్యం, వ్యవసాయం, సాంకేతికత. వంట 641లో, భూగోళం, ప్రయాణాలు 910 నుంచి, జీవిత చరిత్రలు 920లో, భారతదేశ చరిత్ర 954లో దొరుకుతాయి. తెలుగు సాహిత్యం అంకె 894.827. దాని పక్కన 3 చేరితే కథలు, నవలలు. 4 చేరితే వ్యాసాలు. 6 అయితే ఉత్తరాలు. అంటే సాహిత్యం అరలోనూ కాల్పనికేతరం ఉంది, చాలామంది అక్కడ వెతకరు. ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో రూపొందించిన కోలన్ పద్ధతిని పాటించే గ్రంథాలయాల్లో గుర్తులు వేరుగా ఉంటాయి, అక్కడ గ్రంథపాలకుణ్ని అడగడమే మేలు.

ఈ అంకె విషయాన్ని చెబుతుంది, ఆధారాల బలాన్ని చెప్పదు. పైన చెప్పిన తెలంగాణ పోరాటం పుస్తకాలే చరిత్ర అరలో ఒకటి, జీవిత చరిత్రల్లో ఒకటి, సాహిత్యంలో ఒకటి విడివిడిగా ఉండవచ్చు. అందుకని ఒక విషయం మీద చదవాలనుకున్నప్పుడు ఒక్క అర దగ్గరే ఆగకుండా, విషయం పేరుతోనూ ముఖ్యమైన మనుషుల పేర్లతోనూ కేటలాగులో విడిగా వెతికి, కనీసం రెండు రకాల పుస్తకాలు ఇంటికి తెచ్చుకోండి. మొదట ‘నేను’ అని చెప్పే పుస్తకం చదివి, తర్వాత పాదసూచికలున్నది తెరిస్తే పేర్లు, ఊళ్లు అప్పటికే పరిచయమై ఉంటాయి కాబట్టి బరువైన చరిత్ర కూడా సులువుగా సాగుతుంది.