ఆసిలేటర్ పాఠాలు – 4: పౌనఃపున్యం మారినా డ్యూటీ మారకూడదు

గత పాఠంలో పల్సులు పుట్టించే ఐసీ అయిన 555 టైమర్‌కు రెండు 1ఎన్4148 డయోడ్లు, 100 కిలోఓమ్‌ల పాట్ (తిప్పి నిరోధాన్ని మార్చే రెసిస్టర్) కలిపి, పౌనఃపున్యాన్ని దాదాపు స్థిరంగా ఉంచి డ్యూటీ సైకిల్‌ను, అంటే ప్రతి ఆవృత్తిలో అవుట్‌పుట్ పైస్థాయిలో ఉండే సమయ శాతాన్ని, మార్చాము. పౌనఃపున్యం కూడా మార్చదలచినవారు పాట్ మధ్య కాలికీ కెపాసిటర్‌కూ నడుమ మరొక పాట్ పెట్టుకోవచ్చని చివర్లో రాశాను. ఆ సలహా తప్పు. దాన్ని నమ్మి చిన్న ఫ్యాన్ మోటారును నడిపిన ఒక పాఠకుడు, రెండో పాట్ తిప్పగానే మోటారు వేగం పడిపోయిందని, ఐసీ పాడైందనుకుని రెండుసార్లు మార్చానని తెలిపారు. ఐసీలో లోపం లేదు. అందువల్ల ముందు ఆ చిక్కు విప్పి తర్వాతే ముందుకు వెళ్దాము.

డ్యూటీ పాట్ చార్జి దారిలో 80, డిశ్చార్జి దారిలో 20 కిలోఓమ్‌లు ఉంచిందనుకోండి. డయోడ్ల వోల్టేజీని పక్కన పెడితే డ్యూటీ 80 శాతం. 10 నానోఫారడ్ కెపాసిటర్‌తో పౌనఃపున్యం సుమారు 1,440 హెర్ట్జ్. ఇప్పుడు మధ్య కాలి వద్ద 100 కిలోఓమ్‌లు చేర్చితే, ఆ నిరోధం రెండు దారులకూ సమానంగా కలుస్తుంది: 180, 120. పౌనఃపున్యం 480కి దిగుతుంది, అది మనం కోరినదే. కానీ డ్యూటీ 60 శాతానికి జారుతుంది, ఆ పాఠకుడి మోటారు వేగం పడిపోయింది అందుకే. రెండు సంఖ్యలకు ఒకే సంఖ్యను కలిపితే వాటి నిష్పత్తి నిలవదు, గుణిస్తేనే నిలుస్తుంది. ఉమ్మడి దారిలో రెసిస్టర్ పెట్టే ప్రతి అమరికలోనూ ఇదే పొరపాటు దాగి ఉంటుంది, దానికి ఎన్ని డయోడ్లు చేర్చినా ప్రయోజనం ఉండదు.

కాబట్టి పనిని రెండుగా విడదీద్దాము. 555కు డయోడ్లు తీసివేసి, అవుట్‌పుట్ అయిన మూడో పిన్ నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, దానికి వరుసగా 100 కిలోఓమ్‌ల పాట్, ఆపై 10 నానోఫారడ్ కెపాసిటర్ కలపండి. రెండు, ఆరు పిన్‌లు కెపాసిటర్ పైకొనకు చేరాలి, ఏడో పిన్ ఖాళీగా ఉండాలి. నేను దీనికి సీమాస్ రకమైన 7555నే వాడతాను; దాని అవుట్‌పుట్ సరఫరా వోల్టేజీ దాకా చేరుతుంది కాబట్టి కాలవ్యవధి 1.386 ఆర్‌సీ (నిరోధం, కెపాసిటెన్స్‌ల గుణకారానికి 1.386 రెట్లు) సూత్రానికి సరిపోతుంది. దాదాపు 650 నుంచి 7,200 హెర్ట్జ్ వరకు వస్తుంది.

9 వోల్టుల సరఫరాపై కెపాసిటర్ వోల్టేజీ 3కూ 6కూ మధ్య ఎక్కి దిగుతుంటుంది. పౌనఃపున్యం పాట్ తిప్పితే ఆ తరంగం రబ్బరు గుడ్డపై గీసిన బొమ్మలా అడ్డంగా సాగుతుందే తప్ప దాని రూపం మారదు. ఒకే ఎత్తులో దాన్ని కోస్తే పైన మిగిలే భాగం ఎప్పుడూ అదే శాతం. ఆ కోతకు రెండు వోల్టేజీలను పోల్చే ఐసీ అయిన ఎల్‌ఎం393 కంపారేటర్‌ను వాడండి: కెపాసిటర్‌ను దాని మూడో పిన్‌కు, కోత వోల్టేజీని రెండో పిన్‌కు ఇవ్వండి. అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, అంటే కిందకు మాత్రమే లాగగలదు కాబట్టి ఒకటో పిన్ నుంచి సరఫరాకు 4.7 కిలోఓమ్‌లు తప్పనిసరి.

కోత వోల్టేజీకి సరఫరా నుంచి గ్రౌండ్ వరకు 12 కిలోఓమ్‌ల రెసిస్టర్, 10 కిలోఓమ్‌ల పాట్, మళ్లీ 12 కిలోఓమ్‌ల రెసిస్టర్ వరుసగా పెట్టి, పాట్ మధ్య కాలు తీసుకోండి. 3.18 నుంచి 5.82 వోల్టులు దొరుకుతాయి, అంటే డ్యూటీ సుమారు 94 నుంచి 6 శాతం. మూడూ 10 కిలోఓమ్‌లు పెడితే కోత సరిగ్గా శిఖరాన్నే తాకి, చివర్లలో అవుట్‌పుట్ తడబడుతుంది. 1971లో హాన్స్ కామెన్‌జింద్ రూపొందించిన 555 లోపల కూడా మూడు సమాన రెసిస్టర్లే ఈ హద్దులను నిర్ణయిస్తాయి. అందుకే బ్యాటరీ నీరసించినా హద్దులూ కోతా కలిసే తగ్గి డ్యూటీ నిలుస్తుంది. 9 వోల్టుల సరఫరాపై కోత 4.5 వోల్టుల వద్ద ఉంటే డ్యూటీ సరిగ్గా 50 శాతం, 5 వద్ద 34, 5.5 వద్ద 17.

ఆసిలోస్కోప్ లేకపోతే ఎల్‌ఎం393 ఒకటో పిన్‌పై మల్టీమీటర్‌ను డీసీ వోల్టులలో పెట్టండి. చూపిన విలువను 9తో భాగిస్తే దాదాపు డ్యూటీయే వస్తుంది. పౌనఃపున్యం పాట్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ఆ అంకె కదలకపోవడం చూడండి.

అభ్యాసం: మామూలు ఎన్‌ఈ555 అవుట్‌పుట్ 7.5 వోల్టులకే ఆగిపోయి, కిందకు సున్నా దాకా దిగుతుందనుకుని, 4.5 వోల్టుల కోత వద్ద డ్యూటీ 50 కాక సుమారు 55 శాతం ఎందుకవుతుందో లాగరిథమ్‌లతో లెక్కకట్టండి. ఆపై పౌనఃపున్యం ఎంత తగ్గుతుందో కూడా రాయండి.