బడి భోజనాన్ని పరిశీలించడం ఎలా: విశాఖ తల్లిదండ్రులకు

ప్రభుత్వ పాఠశాలలో పిల్లలను చదివించే తల్లిదండ్రులు, ముఖ్యంగా పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యులైనవారు, మధ్యాహ్న భోజనం చూడడానికి వెళ్లినప్పుడు సాధారణంగా గోడ మీది మెనూ చదివి, ఒక ముద్ద రుచి చూసి, రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చేస్తారు. ఆ సంతకంతో పిల్లల ఒంటికి పట్టేదేమీ లేదు. ఎంత వండారన్నదానికంటే పిల్లలు ఎంత తిన్నారన్నది ముఖ్యం కనుక, భోజనం గంటకు కనీసం అరగంట ముందే బడికి చేరి, చివరి పళ్లెం కడిగేవరకు అక్కడే ఉండడం పరిశీలనలో మొదటి నియమం.

వెళ్లడానికి సంకోచించవలసిన పని లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీ సభ్యులలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలై ఉండాలి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు బడి నడిచే ప్రతిరోజూ ఉచిత భోజనాన్ని హక్కుగా ఇచ్చింది. మన రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతుల వారికి కూడా పెడుతున్నారు. ప్రస్తుతం ఈ పథకం డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తోంది.

ముందుగా తూకం చూడాలి. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె వాడాలన్నది నిబంధన. ఇవన్నీ వండకముందు బరువులు. ఆ రోజు హాజరు 80 మంది చిన్నపిల్లలైతే ఎనిమిది కిలోల బియ్యం, 1,600 గ్రాముల పప్పు, నాలుగు కిలోల కూరగాయలు, 400 గ్రాముల నూనె పొయ్యి దగ్గరికి రావాలి. ఈ లెక్కను చీటీ మీద రాసుకుని, హాజరుపట్టీలోని సంఖ్యతో, పొయ్యి పక్కనున్న సరుకుతో సరిచూసుకుంటే పది నిమిషాల్లో సగం సంగతి తేలిపోతుంది. బియ్యం లెక్క చాలాచోట్ల సరిపోతుంది. కొరత పడేది పప్పు దగ్గర, కూరగాయల దగ్గర. చిన్నపిల్లల భోజనంలో 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని నిబంధన చెబుతుండగా అందులో ఏడు గ్రాముల దాకా బియ్యం నుంచే వస్తాయి కాబట్టి, మిగిలిన దానికి పప్పే ఆధారం. పప్పు సగానికి తగ్గితే పిల్లవాడి కడుపు నిండినట్టే ఉంటుంది గాని, కండ పెరగడానికి కావలసినది అందదు.

బియ్యం విషయంలో ఒక అపోహను ముందే తీర్చుకోవడం మంచిది. బడికి బలవర్ధక (ఫోర్టిఫైడ్) బియ్యం వస్తే అందులో నూటికి ఒక వంతు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ చేర్చిన గింజలను కలుపుతారు. బియ్యప్పిండితో తయారైన ఆ గింజలు మిగిలిన వాటికన్నా కొంచెం వేరు రంగులో కనిపిస్తాయి కాబట్టి, ప్లాస్టిక్ బియ్యమని అనుమానించి చేటలో చెరిగేటప్పుడు ఏరి పారేసేవారు ఉన్నారు. వాటిని ఏరకూడదని వంట చేసే అమ్మకు నెమ్మదిగా చెప్పాలి. బియ్యాన్ని పదేపదే పిసికి కడగకుండా, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టి వండితే ఆ పోషకాలు అన్నంలోనే నిలుస్తాయి. పురుగు, ముక్కవాసన, తడిసి కట్టిన ఉండలు మాత్రం నిజమైన దోషాలే. సముద్రపు గాలిలోని తేమకు విశాఖలో బస్తాలు తొందరగా చెడతాయి కాబట్టి, వాటిని గోడకు ఆనించకుండా, నేలమీద కాకుండా చెక్కబల్లల మీద పేర్చారో లేదో చూడాలి.

సరుకుల గదిలో మరో రెండు నిమిషాలు ఆగి నూనె డబ్బాను చేతిలోకి తీసుకుని చూడండి. 2013 జులైలో బిహార్‌లోని ఒక గ్రామ పాఠశాలలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అందుచేత నూనె ముద్ర ఉన్న ప్యాకెట్టులోనే రావాలి. ఫినాయిలు, బ్లీచింగ్ పొడి, చీమలమందు వంటివి ఆ గదిలో ఒక మూలన కూడా ఉండకూడదు. పిల్లలకు వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలు, వారిలో కనీసం ఒక ఉపాధ్యాయుడు, రుచి చూడాలన్న నియమం కూడా ఊరికే పెట్టినది కాదు. రుచి చూసినవారు వెంటనే సంతకం చేయకుండా కొంతసేపు ఆగడం ఇంకా మేలు.

నగరంలోని అనేక పాఠశాలలకు అన్నం, సాంబారు కేంద్రీకృత వంటశాల నుంచి మూతపెట్టిన పాత్రల్లో వ్యానుల మీద వస్తాయి. అక్కడ పొయ్యి చూసే అవకాశం ఉండదు కాబట్టి, పాత్ర వచ్చిన సమయాన్ని, మూత తీసినప్పుడు ఆవిరి వచ్చిందో లేదో గమనించి రాసుకోవాలి. వండిన పదార్థం 60 డిగ్రీలకు పైన ఉన్నంతసేపు సూక్ష్మక్రిములు పెరగలేవు. గోరువెచ్చబడిన తరువాత, మన ఉక్కపోతలో, సాంబారు పాసిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. చేతికి చల్లగా తగిలిన పాత్రలోని పదార్థాన్ని వడ్డించవద్దని అడిగే హక్కు మీకుంది.

వడ్డన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం ఏ రిజిస్టరుకూ ఎక్కదు. బకెట్టులో పోసిన పప్పుచారు నాలుగు నిమిషాలు కదలకుండా ఉంటే పప్పు, ముక్కలు అడుగుకు దిగి పైన పసుపునీళ్లు తేలతాయి. గరిటెను పైపైన ముంచి వడ్డిస్తే వరుసలో ముందు కూర్చున్న ఒకటో తరగతి పిల్లలకు ఆ నీళ్లు, చివరి వరుసలోని పెద్దపిల్లలకు చిక్కటి పప్పు పడతాయి. పొడవాటి కాడ ఉన్న గరిటెతో ప్రతి నాలుగైదు పళ్లేలకు ఒకసారి అడుగునుంచి కలిపి వడ్డించాలని చెప్పండి. ఖర్చేమీ లేని ఈ చిన్న మార్పు, నా దృష్టిలో, మెనూలో కొత్త కూర చేర్చడం కంటే ఎక్కువ ఫలితాన్నిస్తుంది. రెండోసారి వడ్డించడానికి ఎవరైనా వస్తున్నారా, అడగడానికి సిగ్గుపడే పిల్లలను గమనిస్తున్నారా అన్నది కూడా చూడదగినదే.

గుడ్డును నీళ్లలో వేస్తే అడుగున అడ్డంగా పడుకున్నది తాజాది, పైకి తేలినది పారవేయవలసినది. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దానిని పిల్లవాడు జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోకుండా అక్కడే తినేటట్లు చూడాలి. రాగిజావలో ఉండలు కడితే పిల్లలు ముట్టరు. మన ఇళ్లలో చోడంబలి కాచేవారికి తెలిసిన పద్ధతే: పిండిని ముందు చన్నీళ్లలో జారుగా కలిపి, ఆ తరువాత మరిగే నీళ్లలో పోస్తూ కలియతిప్పాలి.

ఇప్పుడు పళ్లేలు కడిగే చోటికి వెళ్లి నిలబడండి. అన్నం మిగిలితే ఉడకడంలోనో పప్పు పలచనలోనో లోపం ఉంది. ముక్కలు మాత్రమే మిగిలితే అవి పెద్దవిగా తరిగి ఉంటారు. సొరకాయ, బీరకాయ, ముల్లంగి ముక్కలను పక్కకు నెట్టే పిల్లలు కూడా వాటిని సన్నగా తరిగి పప్పులో మెత్తగా కలిపితే తింటారు. తోటకూర, లేత మునగాకు పప్పులో ఇట్టే కలిసిపోతాయి, రైతుబజారులో చవకగా దొరుకుతాయి. ఆకును తరిగిన తరువాత కాకుండా ముందే కడగాలి. వేసవి ఒంటిపూట బడుల రోజుల్లో భోజనం బడి విడిచే వేళకు వస్తుంది కాబట్టి పెద్దపిల్లలు తినకుండా వెళ్లిపోతారు. ఆ రోజుల్లో హాజరు సంఖ్యను, తిన్నవారి సంఖ్యను విడివిడిగా రాసుకోవాలి.

ఇంట్లో చేయవలసినది తక్కువే. ఉదయం టీ, బిస్కట్లతో బడికి పంపేకంటే మజ్జిగ పోసిన చద్దన్నం, ఉల్లిపాయ ముక్క ఎంతో మేలు. పది దాటిన పిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రను భోజనం తరువాతే వేయించాలి, వెంటనే టీ తాగనివ్వకూడదు, ఎందుకంటే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, జామకాయ, ఉసిరికాయ పట్టేటట్లు చేస్తాయి. మాత్ర వేసుకున్నాక విరేచనం నల్లగా వస్తే భయపడనక్కరలేదు.

లోపం కనిపిస్తే ముందు వంట చేసేవారితో, తరువాత ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాలి. చాలాసార్లు బిల్లు ఆలస్యమై కిరాణా కొట్టులో అప్పు పుట్టకపోవడమే పప్పు పలచబడడానికి కారణమవుతుంది. అటువంటప్పుడు కొద్దిపాటి గౌరవ వేతనానికి పనిచేసే మహిళను నిలదీసి ప్రయోజనం లేదు, బిల్లు విషయాన్ని కమిటీ తీర్మానంగా రాసి మండల విద్యాశాఖాధికారికి పంపాలి. ఆ కాగితంలో తేదీ, హాజరు, తూకం, మిగిలినదాని అంచనా ఉండాలి గాని విశేషణాలు అక్కరలేదు. బియ్యం, వంట ఖర్చు, ఇంధనం లేకపోవడం వల్లనో వంటమనిషి రాకపోవడం వల్లనో ఒక రోజు భోజనం పెట్టకపోతే, 2015 నాటి నిబంధనల ప్రకారం ఆ పిల్లలకు భోజనానికి బదులుగా ఆహార భద్రతా భత్యం తరువాతి నెల 15వ తేదీలోగా చెల్లించాలి. వరుసగా మూడు రోజులు గాని, నెలలో ఐదు రోజులు గాని భోజనం ఆగితే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. అందుచేత భోజనం పెట్టని రోజుల తేదీలను మీరు ఈ వివరాలన్నీ రాసుకునే పుస్తకంలోనే వేరే పేజీలో రాసి, ప్రధానోపాధ్యాయుల సంతకం తీసుకుని ఉంచుకోవాలి.