మొదటాట స్నేహాలు: టికెట్ డబ్బులు, ఫోను, హద్దులు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ళలో తెలుగు పిల్లల స్నేహాలు చాలావరకు సినిమా దగ్గరే మొదలవుతాయి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ఫోన్లో హిందీ రీళ్ళు. ఐదారుగురు ఒకచోట చేరితే అందరికీ పట్టే విషయం వచ్చే శుక్రవారం సినిమాయే. అలా కలిసిన గుంపు ఎక్కడ చెడుతుందో చూస్తే మూడు చోట్లు కనిపిస్తాయి: టికెట్ డబ్బులు, ఫోను, ‘మా హీరో’ అన్న పంతం. మూడింట్లోనూ చిక్కు ఒకటే, ముందుగా నోరు తెరిచి చెప్పుకోకపోవడం. స్నేహితుల మధ్య లెక్కలేమిటని మొహమాటపడతారు. ఆర్నెల్లు గడిచాక ఆ లెక్కే ఒక్కొక్కరి మనసులో ఒక్కో రకంగా ఉంటుంది.

డబ్బుల సంగతి ముందు

బరంపురం నుంచి ఇచ్ఛాపురం సుమారు పాతిక కిలోమీటర్లు. పర్లాకిమిడికి పాతపట్నం కూతవేటు. రాయగడ వాళ్ళకి పార్వతీపురం ఉంది. పెద్ద సినిమా వస్తే సరిహద్దు దాటి ఆంధ్రలో మొదటాట చూడడం ఇటువైపు ముచ్చట. కాని అటువైపు పెద్ద సినిమాలకి మొదటి రోజుల్లో ప్రభుత్వ అనుమతితో టికెట్ ధర పెంచుతుంటారు. కిందటి సినిమాకి ఎంతైందో గుర్తుపెట్టుకుని లెక్కేస్తే దెబ్బతింటారు. బుకింగ్ తెరిచాక యాప్‌లో ధర చూసి, సర్వీసు చార్జీ కూడా కలిపి, అప్పుడు తలసరి లెక్క వేయాలి. ఉదాహరణకి టికెట్ 250, రానుపోను 80, టిఫినూ టీ 70, చేతిలో ఉంచుకోవలసింది 50. మొత్తం 450. ఐదుగురికి 2250. ఈ అంకె గ్రూపులో పెట్టాకే ‘ఎవరెవరు వస్తారు’ అని అడగాలి. ముందు పేర్లు రాయించుకుని తర్వాత ధర చెబితే, లేనివాడు వెనక్కి తగ్గడానికి సిగ్గుపడి ఎక్కడో అప్పు చేస్తాడు.

డబ్బు చేతికి అందాకే టికెట్ తీయాలి. ‘నేను తీసేస్తాను, తర్వాత ఇద్దురుగాని’ అనే మంచివాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, గుంపు మీద ముందుగా విసిగేదీ వాడే. బుకింగ్ పని వంతులవారీగా తిప్పండి. ముందురోజు సాయంత్రం ఆరు గంటల్లోపు పంపనివాళ్ళకి టికెట్ లేదన్న నియమం అందరికీ ఒకటిగా ఉంటే ఎవరికీ కోపం రాదు, ఒక్కరికి సడలిస్తేనే వస్తుంది. చివరి నిమిషంలో రాలేనివాడు బదులు మనిషిని తనే వెతకాలి, లేదా డబ్బు వదులుకోవాలి. అది కూడా ముందే అనుకోవాలి.

మొదటాటకి రాని వాడిని చిన్నచూపు చూడకుండా రెండో దారి ఒకటి పెట్టండి: వారం తర్వాత ఊళ్ళోనే మేటినీ. చాలా తెలుగు సినిమాలు నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఓటీటీకి వచ్చేస్తాయి కాబట్టి ఎవరింట్లోనైనా కలిసి చూసే వీలూ ఉంది. ‘పరీక్ష ఉంది’, ‘ఒంట్లో బాగోలేదు’ అని ప్రతిసారీ తప్పుకునేవాడికి చాలాసార్లు అసలు కారణం డబ్బే. వాడిని అందరిముందు నిలదీయకండి, రెండో దారి ఉంటే వాడే వస్తాడు.

చేబదులు విషయంలో ఒక కొలత పెట్టుకుంటే చాలు. తిరిగి రాకపోయినా ఆ స్నేహం మీద మనసు విరగనంత మొత్తమే ఇవ్వండి. ప్లస్ టూ చదివే పిల్లకి అది 200 కావచ్చు, ఉద్యోగం చేసేవాడికి 2000 కావచ్చు. మొదటిది తీరకుండా రెండోది ఇవ్వొద్దు. ఇచ్చేటప్పుడే తేదీ అడగండి. ఆ తేదీ దాటిన మర్నాడు ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్కమాట అడగండి. గ్రూపులో అడిగితే డబ్బు రావచ్చు, మనిషి మళ్ళీ రాడు. ఇంకొకటి: డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. ఎంత దగ్గరివాళ్ళు అడిగినా పిన్ చెప్పకూడదు.

కాదని చెప్పే పద్ధతి

ఇదే అన్నిటికంటే కష్టం, అందుకే కొంచెం ఆగి చూద్దాం. కాదనడానికి మూడు ముక్కలు సరిపోతాయి: ముందు జవాబు, తర్వాత ఒకే ఒక్క కారణం, చివర తను చేయగలిగింది. ‘రేపు రాలేనురా. సోమవారం నుంచి మెట్రిక్ టెస్టులు. వచ్చే ఆదివారం మేటినీకైతే వస్తాను.’ అంతే. నాలుగు కారణాలు చెప్పారో, అవతలివాళ్ళు ఒక్కొక్కటే కొట్టిపారేస్తారు: బండి మేం తెస్తాం, మీ నాన్నగారితో మేం మాట్లాడతాం, డబ్బులు తర్వాత ఇద్దువుగాని. ఆఖరికి మీ చేతిలో కారణం ఉండదు, మొహమాటమే మిగులుతుంది. ‘చూద్దాంలే’ అని వదిలేయడం ఇంకా ప్రమాదం. దాన్ని అవుననుకుని వాళ్ళు టికెట్ తీసేస్తారు.

హద్దు అంటే అవతలివాళ్ళకి ఇచ్చే ఆజ్ఞ కాదు, మీరేం చేస్తారో చెప్పే మాట. ‘అర్ధరాత్రి మెసేజీలు పెట్టకు’ అంటే పోట్లాట. ‘పది దాటాక నేను ఫోన్ చూడనే, పొద్దున్న జవాబిస్తాను’ అంటే అవతలి పిల్లకి కాదనడానికేం ఉండదు. దాన్ని నిలబెట్టే పని పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది. మొదటి రెండు వారాలు స్నేహితులు దాన్ని పరీక్షిస్తారు, కావాలని కాదు, అలవాటుకొద్దీ. మూడో రాత్రి పదకొండున్నరకి మీరు జవాబిచ్చారంటే వాళ్ళకి అందే కబురు వేరు: ఇంకో నాలుగుసార్లు కొడితే పలుకుతుంది. కాబట్టి నిలబెట్టుకోలేని హద్దు పెట్టుకోవద్దు. పది కుదరకపోతే పదకొండు అనండి.

కోపంలో హద్దు చెప్పకండి. మాట సరిగ్గానే ఉన్నా అవతలివాళ్ళకి కోపమే గుర్తుంటుంది. ఒకరోజు ఆగి, ఇద్దరే ఉన్నప్పుడు, నడుస్తూనో టీ తాగుతూనో చెబితే సగం బరువు తగ్గుతుంది.

అమ్మాయిల గుంపుల్లో తరచుగా వచ్చే మాట ఒకటుంది: ‘మీ ఇంట్లో ఉన్నానని మా అమ్మతో చెప్పవే.’ దీనికి ఒప్పుకుంటే ఆ రాత్రి ఏ ఆటో చెడిపోయినా, ఏ రైలు ఆలస్యమైనా జవాబు చెప్పాల్సింది మీరే. ‘అబద్ధం చెప్పలేనే, కావాలంటే నేనొచ్చి పిన్నిని అడుగుతాను’ అనేది మంచి జవాబు. చాలా ఇళ్ళలో ఎవరెవరు వెళ్తున్నారు, ఏ హాలు, ఆట ఎప్పుడు వదులుతుంది, తిరిగి దేంట్లో వస్తారు అన్న నాలుగు వివరాలు, ఒక పెద్దమనిషి నంబరు కాగితం మీద రాసిస్తే అనుమతి సులువవుతుంది. పెద్దలు కాదనేది సినిమాని కాదు, తెలియనితనాన్ని.

గ్రూపు నడపడం

ఒకే వాట్సాప్ గ్రూపులో నోట్సులు, సినిమా గొడవలు, పుట్టినరోజులు అన్నీ కలిపితే ఎవరికీ ఏదీ దొరకదు. చదువుకి ఒకటి, సినిమాకి ఒకటి విడగొట్టండి. సినిమా గ్రూపుని మ్యూట్ చేసుకోవడం తప్పు కాదు. ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు వీలులున్నాయి. పరీక్షల నెలలో ‘వారం’ పెట్టుకుని ప్రతి ఆదివారం మళ్ళీ ఆలోచించుకోవడం బాగుంటుంది. పూర్తిగా బయటికి రావాలంటే చప్పుడు చేయకుండా రావచ్చు. 2022 నుంచి ఆ సంగతి అడ్మిన్లకే తెలుస్తుంది. అయితే వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు అరవై రోజులపాటు గ్రూపు వివరాల్లో కనిపిస్తాయి కనుక ఇద్దరు ముగ్గురు దగ్గరివాళ్ళకి ముందే ఓ మాట చెప్పండి.

కథ బయటపెట్టడం మీద ఒక గడువు పెట్టండి. శుక్రవారం సినిమాకి ఆదివారం రాత్రి దాకా ఎవరూ మలుపులు చెప్పకూడదు. మొదటాటకి రాలేనివాళ్ళకి అది కనీస మర్యాద. హాల్లో తెర మీది సీన్లు ఫోన్‌తో తీసి స్టేటస్ పెట్టేవాళ్ళకి ఒక్కమాట: అది చట్టరీత్యా నేరం, వెనక వరుసవాళ్ళకి చిరాకు.

‘మా హీరో’

1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు టీవీ, సినిమా, రేడియో మనుషులతో ప్రేక్షకులకి ఏర్పడే ఏకపక్ష సాన్నిహిత్యం గురించి రాశారు. మనకి ఆయన బాగా తెలిసినట్టుంటుంది, ఆయనకి మనం తెలియం. ఇందులో జబ్బేమీ లేదు. కటౌటుకి దండ వేస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ మనిషి తరఫున పక్కనున్న స్నేహితుణ్ణి వదులుకునే దాకా వస్తేనే చేయి దాటిందనాలి. గుర్తులు తేలికే: సినిమా బాగోలేదన్న మాట మీ ఇంటివాళ్ళని తిట్టినట్టు తగలడం, వసూళ్ళ అంకెల కోసం తెల్లవారుజాము దాకా తెలియనివాళ్ళతో వాదించడం, ఆ హీరో అభిమాని కాదని ఒకణ్ణి పిలవకపోవడం.

గుంపులో ఒక నియమం పెట్టుకోండి. సినిమాని ఎంతైనా తిట్టొచ్చు, చూసినవాణ్ణి తిట్టకూడదు. హీరో కులం ఎత్తితే ఆ మాట అక్కడే ఆపించాలి. తెలుగు అభిమానుల గొడవల్లో అసలు విషం అదే, సరిహద్దు ఇవతల కూడా దానికి కొదవ లేదు. ఒకడు ఎత్తినప్పుడు మిగతావాళ్ళు నవ్వి ఊరుకుంటే మర్నాటి నుంచి అది మామూలు మాటైపోతుంది. ‘ఆ మాట మన దగ్గర వద్దురా’ అని ఎవరో ఒకరు మామూలు గొంతుతో అంటే చాలు.

గుంపులో ఒడియా సాంగ, అంటే ఒడియా స్నేహితుడు ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పావుగంట తెలుగులో నవ్వుకుని ‘నీకర్థం కాదులే’ అనడం కంటే అవమానం లేదు. వంతులు వేసుకుని ఒకరు పక్కన కూర్చుని డైలాగు విడమరిచి చెప్పాలి. మీరు కూడా ఒడియా సినిమాకి, జాత్ర నాటకానికి వెళ్ళాలి. బరంపురంలో రెండేళ్ళకోసారి నెల రోజుల దాకా సాగే ఠాకురాణి యాత్రలో వేషాలు చూస్తూ తిరగడానికి అందరికీ ఒకే భాష అక్కర్లేదు. ఒడిశా పల్లెల్లో సంక్రాంతినాడు ‘మకర’ కట్టుకునే ఆచారం ఉంది. స్నేహితులైన ఇద్దరూ అప్పటినుంచి ఒకరినొకరు పేరుతో కాకుండా ఆ బంధం పేరుతోనే పిలుచుకుంటారు, ఒకరింటి కార్యాలకి మరొకరు బంధువులే. స్నేహానికి బాధ్యతలు ముందే చెప్పుకోవడం ఇక్కడి మట్టికి కొత్తేమీ కాదు.

ఎన్ని గంటలు కావాలి

కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో వెల్లడించిన లెక్క ప్రకారం, పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులు కావడానికి 90, ఆప్తులు కావడానికి 200 గంటల పైన కలిసి గడపాలి. వారానికి రెండు గంటలైతే 50 గంటలకి పాతిక వారాలు. ప్లస్ టూకి కొత్త కాలేజీలో చేరిన పిల్ల మూడో నెలలో ‘నాకెవరూ లేరు’ అనుకుంటే అది ఆమె లోపం కాదు, గంటలింకా పూర్తి కాలేదు. హాల్లో చీకట్లో గడిపిన మూడు గంటల కంటే ఆట వదిలాక బస్టాండులో మాట్లాడుకున్న అరగంటకి మా లెక్కలో విలువెక్కువ. ఆ అరగంట మిగిలేలా తిరుగు బస్సు చూసుకోండి.

పాటతో తెలుగు చదవడం

ఇటువైపు ఒడియా మీడియంలో చదివిన పిల్లలు చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, బస్సు బోర్డు చదవలేరు. సినిమా పిచ్చిని దీనికి వాడుకోవచ్చు, ఇద్దరు కలిసి చేస్తే ఇంకా మంచిది. నోటికొచ్చిన పాటలో పల్లవి నాలుగు లైన్లు తీసుకోండి. మొదటిరోజు ఒడియా లిపిలో రాయండి. రెండోరోజు తెలుగు వచ్చిన స్నేహితుడు కింద తెలుగులో రాసివ్వాలి. మూడోరోజు నుంచి వేలు పెట్టి పాడుతూ చదవాలి, రోజుకి పావుగంట. వారానికి ఒక పల్లవి చాలు. తప్పులు ఎక్కువగా ఒక చోటే వస్తాయి: ఒడియా రాతలో ఎ, ఏలకి, ఒ, ఓలకి తేడా లేదు, కాబట్టి ‘మేడ’ని ‘మెడ’ అని రాసేస్తారు. దీర్ఘాలున్న మాటల్ని విడిగా పది రాసి పెట్టుకుని వారమంతా అవే దిద్దండి. వత్తులు రెండో నెలకి వదిలేయండి, మొదట్లోనే వాటి జోలికి పోతే విసుగొచ్చి మానేస్తారు. బదులుగా ఆ స్నేహితుడికి మీరు ఒడియా నేర్పండి. ఒకరే నేర్పుతూ ఉంటే మూడో వారానికి అది ట్యూషనైపోతుంది.

హద్దు పని చేయనప్పుడు

కొన్ని సందర్భాల్లో మాటలతో లాభం లేదు. పాస్‌వర్డ్ ఇవ్వకపోతే స్నేహం లేదనేవాళ్ళు, వేరే స్నేహితులతో మాట్లాడితే అలిగి రోజులు సాధించేవాళ్ళు, ఫొటో చూపించి బెదిరించేవాళ్ళు. మొదటి ఇద్దరికీ ఒకసారి స్పష్టంగా చెప్పి, మారకపోతే కలిసే గంటలు తగ్గించుకుంటూ రండి. మూడోవాడితో బేరం వద్దు, డబ్బు పంపొద్దు, చాట్ చెరిపేయొద్దు. తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో ఒక పెద్దకి చూపించి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. నిద్ర పట్టక, ఎవరితోనూ చెప్పుకోలేక సతమతమయ్యేవాళ్ళు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.