పిల్లలు ఫోన్ వదలట్లేదా? పెద్దల అలవాట్ల నుంచి సరిచేయండి

సమస్య: ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద దిగదు.

కారణం: ఏడాది నిండాక ఎదుగుదల వేగం తగ్గుతుంది, దాంతో ఆకలీ తగ్గుతుంది. అది సహజం. బిడ్డ చిక్కిపోతోందన్న భయంతో మనం ఫోన్ పెడతాం, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కానీ బొమ్మల మీద ధ్యాస ఉన్న బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. రుచీ తెలియదు.

పరిష్కారం: భోజనానికి రెండున్నర గంటల ముందు నుంచి బిస్కెట్లు, పాలు ఆపండి. రోజంతటికీ పాలు అర లీటరు దాటితే అన్నం సహించదు. పళ్లెంలో నాలుగు ముద్దలే పెట్టి, చేత్తో కెలుక్కుని తిననివ్వండి. ఒళ్లంతా పప్పన్నమైనా పర్వాలేదు. పక్కన ఒక పెద్దవారు కూర్చుని తినాలి, వారి ఫోన్ వేరే గదిలో ఉండాలి. అరగంటలో పళ్లెం తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువే తింటారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు దానివల్ల ముప్పు లేదు. బరువు తగ్గుతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి.

సమస్య: ఫోన్ లాక్కుంటే కిందపడి దొర్లి ఏడుపు.

కారణం: పది నిమిషాలు ఏడ్చాక ఇచ్చేస్తే, పది నిమిషాలు ఏడవాలని నేర్పినట్టే. అమ్మ వద్దన్నది నానమ్మ ఇస్తే పేచీ ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: ఇచ్చేముందే "రెండు వీడియోలు" అని చెప్పండి. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేయండి, లేకపోతే రెండోది అయ్యేలోపే మూడోది మొదలవుతుంది. వీడియో మధ్యలో లాక్కోకండి. ఏడిస్తే ఇవ్వడం మానేసిన కొత్తలో ఏడుపు ముందు పెరిగి, తర్వాతే తగ్గుతుంది. చాలా ఇళ్లలో సరిగ్గా ఆ పెరిగినప్పుడే లొంగిపోతారు. కాబట్టి ఇంట్లో అందరూ ఒక మాట అనుకున్నాకే మొదలుపెట్టండి.

సమస్య: "నువ్వు చూడట్లేదా?" అని ఎదురు ప్రశ్న.

కారణం: ఆ ప్రశ్న న్యాయమైనదే. మనం కరెంటు బిల్లు కట్టినా, ఆఫీసు మెసేజ్ చూసినా, రీల్స్ చూసినా బిడ్డకు కనిపించేది ఒకటే, వంచిన తల.

పరిష్కారం: పనికి ఫోన్ తీస్తే పైకి చెప్పండి: "గ్యాస్ బుక్ చేస్తున్నా, అయిపోగానే పెట్టేస్తా." అన్నట్టే పెట్టేయండి. చార్జర్లన్నీ హాల్లోకి మార్చండి. అలారం కోసమే ఫోన్ పడకగదిలోకి వస్తుంటే ఒక అలారం గడియారం కొనండి. రాత్రి భోజనం నుంచి నిద్ర దాకా పెద్దల ఫోన్లు కూడా హాల్లోనే ఉండాలి.

సమస్య: లాక్ పెట్టినా టైమ్ తగ్గలేదు.

కారణం: పిల్లల ఫోన్ టైమ్‌కు హద్దు పెట్టే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో గంట పెట్టి, రోజూ మనమే అరగంట పెంచుతాం. లేదా పిన్ పిల్లలకు తెలిసిపోయి ఉంటుంది. మార్కులొస్తే ఫోన్ ఇస్తామన్నా దాని విలువే పెరుగుతుంది.

పరిష్కారం: పిన్ మార్చండి, బహుమతి ఇంకేదైనా ఇవ్వండి. భారత పిల్లల వైద్యుల సంఘం చెప్పే హద్దులివి: రెండేళ్లలోపు అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదు, ఐదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటలలోపు. అమెరికాలో ఉన్న మనవడితో అమ్మమ్మ అప్పుడప్పుడు వీడియో కాల్‌లో మాట్లాడితే తప్పులేదు.

రెండేళ్లు వచ్చినా మాటలు రాకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఫోన్ మానేస్తే సర్దుకుంటుందని ఆగకండి. అదే వారం పిల్లల డాక్టరును కలవండి.