పరిమితి విధించినా రికార్డు తెరుచుకుంటోందా? డాక్యుమెంట్ సిస్టమ్‌లో యాక్సెస్ సమస్యలు - పరిష్కారాలు

డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో ఒక రికార్డును కొందరికే పరిమితం చేయడానికి రెండు మూడు క్లిక్కులు చాలు. అయినా ఆ పరిమితి పనిచేయడం లేదన్న ఫిర్యాదు వస్తే, చాలాసార్లు లోపం ఆ క్లిక్కుల్లో ఉండదు. ఆ యూజర్‌కు అదే రికార్డు మీద హక్కు మరో దారిలో అంది ఉంటుంది. ఎక్కువ సిస్టమ్‌లలో హక్కులు ఒకదానికొకటి కలుస్తాయి కాబట్టి, ఒక దారి మూసినంత మాత్రాన మిగిలినవి మూసుకుపోవు. అందుకే ఏ సెట్టింగూ మార్చకముందే ఆ వ్యక్తికి హక్కు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్ వేదిక అయిన షేర్‌పాయింట్‌లో 'చెక్ పర్మిషన్స్', విండోస్‌లో అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ కింద ఉండే 'ఎఫెక్టివ్ యాక్సెస్' ఇందుకోసమే ఉన్నాయి. పరీక్ష మాత్రం సాధారణ యూజర్ ఖాతాతోనే చేయాలి, ఎందుకంటే అడ్మిన్ ఖాతాకు అన్నీ కనిపిస్తాయి.

సమస్య: ఫోల్డర్‌కు పరిమితి పెట్టాం, అయినా అందరూ తెరుస్తున్నారు

మొదట అనుమానించవలసింది వారసత్వాన్ని, అంటే పై ఫోల్డర్ పర్మిషన్లు కింది ఫోల్డర్‌కు దిగివచ్చే ఏర్పాటును. జీతాల ఫోల్డర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. షేర్‌పాయింట్‌లో ఆ ఫోల్డర్‌కు వారసత్వం ఆపగానే పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ క్షణంలో పై స్థాయిలో ఉన్న పర్మిషన్లన్నీ యథాతథంగా ఫోల్డర్ మీదికి కాపీ అవుతాయి. తెంచింది ఇకపై వచ్చే మార్పులతో సంబంధాన్నే. కాబట్టి వారసత్వం ఆపాక జాబితా తెరిచి, సిబ్బంది అందరూ ఉండే గ్రూపును, సైట్ సభ్యుల గ్రూపును విడివిడిగా తొలగించాలి. విండోస్‌లో వారసత్వం ఆపేటప్పుడు, వచ్చిన పర్మిషన్లను అలాగే ఉంచాలా, పూర్తిగా తీసేయాలా అని సిస్టమే అడుగుతుంది. తొందరలో మొదటి ఐచ్ఛికం ఎంచుకుంటే ఫలితం అదే.

జాబితా శుభ్రంగా ఉన్నా యాక్సెస్ కొనసాగుతుంటే మరో మూడు చోట్ల వెతకాలి. ఒకటి, గ్రూపులో గ్రూపు: అనుమతి ఉన్న గ్రూపులో మరో పెద్ద గ్రూపు సభ్యురాలిగా ఉంటే, దానిలోని వారందరికీ హక్కు వస్తుంది, వారి పేర్లు మాత్రం పైకి కనిపించవు. రెండు, పాత షేరింగ్ లింకులు: ఎప్పుడో పంపిన లింకు వేరే హక్కుగా మిగిలిపోతుంది కనుక, 'మేనేజ్ యాక్సెస్' తెరిచి దాన్ని విడిగా తొలగించాలి. మూడు, సిస్టమ్ అంతటికీ ఇచ్చిన హక్కు: మాయన్ ఈడీఎంఎస్ వంటి డాక్యుమెంట్ సిస్టమ్‌లలో ఒక రోల్‌కు (యూజర్ గ్రూపులకు హక్కులు అందించే పాత్రకు) డాక్యుమెంట్లు చూసే పర్మిషన్ నేరుగా ఇస్తే అది అన్ని డాక్యుమెంట్లకూ వర్తిస్తుంది. అలాంటప్పుడు ఒక్కో డాక్యుమెంట్ స్థాయిలో ఎంత సవరించినా ప్రయోజనం లేదు. రోల్ నుంచి ఆ పర్మిషన్ తీసేసి, అవసరమైన డాక్యుమెంట్ల మీద మాత్రమే ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది 'డినై' (హక్కును నిరాకరించే సెట్టింగ్) పెట్టి చేతులు దులుపుకుంటారు. నా సలహా మాత్రం డినై పెట్టడం కాదు, అనవసరమైన అనుమతిని తీసేయడం. విండోస్ ఫైల్ వ్యవస్థ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పై ఫోల్డర్ నుంచి వచ్చిన డినై కంటే ఫైలు మీద నేరుగా ఇచ్చిన అనుమతినే ముందు లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, ఫోల్డర్‌కు పెట్టిన డినై కొన్ని ఫైళ్ల విషయంలో పనిచేయదు. పైగా ఒక వ్యక్తి రెండు గ్రూపుల్లో ఉంటే, డినై వల్ల రావలసిన హక్కు కూడా పోతుంది.

ఒక్కో ఫైలుకు ప్రత్యేక పర్మిషన్లు పెట్టుకుంటూ పోవడం కూడా మంచిది కాదు. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో ఒక జాబితాకు లేదా లైబ్రరీకి ఇలాంటి ప్రత్యేక పర్మిషన్ల పరిమితి 50,000 అయినా, మైక్రోసాఫ్ట్ సూచించేది 5,000 లోపే. గోప్యమైన రికార్డులకు ఒక లైబ్రరీనే వేరు చేస్తే పర్యవేక్షణ సులభమవుతుంది.

సమస్య: గ్రూపు నుంచి తీసేసినా ఇంకా తెరవగలుగుతున్నారు

విండోస్‌లో యూజర్ ఏయే గ్రూపుల్లో ఉన్నారన్న వివరం లాగిన్ సమయంలోనే టోకెన్‌లో (ఆ సెషన్‌కు సిస్టమ్ ఇచ్చే గుర్తింపు పత్రంలో) చేరుతుంది; తర్వాత గ్రూపు మారినా పాత టోకెన్ మారదు. నెట్‌వర్క్‌లోని సర్వర్లకు యూజర్‌ను గుర్తు చూపే కెర్బరోస్ టికెట్ గడువు డిఫాల్ట్‌గా 10 గంటలు. కాబట్టి యూజర్ లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఉద్యోగం వదిలి వెళ్తున్న వ్యక్తి విషయంలో అంతవరకు ఆగకుండా ఖాతానే నిలిపివేసి, తెరిచి ఉన్న సెషన్లను సర్వర్ వైపు నుంచి ముగించాలి.

సమస్య: ఫైలు తెరుచుకోదు, కానీ సెర్చ్‌లో పేరు కనిపిస్తోంది

సెర్చ్ ఇండెక్స్‌లో (వెతకడం కోసం ముందే తయారుచేసి ఉంచే సూచికలో) అది తయారైన నాటి పర్మిషన్లే ఉండిపోతాయి. మార్పు ఇండెక్స్‌కు చేరేవరకు పేరు, కొన్నిసార్లు లోపలి వాక్యం కూడా, ఫలితాల్లో వస్తాయి. ఆ రికార్డును మళ్లీ ఇండెక్స్ చేయించాలి. అయితే క్రమశిక్షణ చర్యలు, వైద్య వివరాల వంటి ఫైళ్ల పేర్లలోనే రహస్యం బయటపడుతుంది కాబట్టి, వాటికి మొదటి నుంచే వ్యక్తి పేరుకు బదులు నంబరు పెట్టడం మేలు. విండోస్ షేర్డ్ ఫోల్డర్‌లలో పేర్లు కనిపిస్తుంటే, హక్కు లేనివాటిని జాబితాలోనే చూపని 'యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్' ఆన్ చేయాలి.

సమస్య: జాబితాలో కనిపించదు, లింకు టైప్ చేస్తే తెరుచుకుంటోంది

అన్నిటిలోకి తీవ్రమైనది ఇదే. తెరమీద దాచడాన్ని భద్రత అనుకోవడం దీనికి కారణం. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో వెలువరించిన టాప్ 10 ముప్పుల జాబితాలో యాక్సెస్ నియంత్రణ లోపాలకు మొదటి స్థానం దక్కింది. పరీక్ష తేలిక: సాధారణ ఖాతాతో లాగినై, అడ్రస్ చివర ఉన్న రికార్డు నంబరును తనకు హక్కు లేని రికార్డు నంబరుగా మార్చి చూడాలి. రికార్డు తెరుచుకుంటే వ్యూ ఫిల్టర్లు (తెరమీద ఏవి చూపాలో నిర్ణయించే సెట్టింగులు) ఎన్ని మార్చినా లాభం లేదు. ప్రతి అభ్యర్థనలోనూ సర్వర్ హక్కును సరిచూడాలి. డౌన్‌లోడ్, ప్రివ్యూ, పాత వర్షన్ల లింకులకు కూడా ఇదే పరీక్ష చేయాలి, ఎందుకంటే ప్రధాన పేజీకి తాళం వేసి వీటిని మరిచిపోవడం తరచుగా జరుగుతుంది.

సొంతంగా కట్టుకున్న సిస్టమ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తుంటే, ఎవరికి ఏ వరుసలు కనిపించాలో డేటాబేసే నిర్ణయించే, 9.5 వర్షన్ నుంచి ఉన్న రో లెవల్ సెక్యూరిటీని వాడవచ్చు. కానీ ఆ నియమాలు టేబుల్ యజమానికి వాటంతట అవే వర్తించవు. అప్లికేషన్ అదే యజమాని ఖాతాతో కనెక్ట్ అయితే అందరికీ అన్ని వరుసలూ కనిపిస్తాయి. అప్లికేషన్‌కు వేరే ఖాతా ఇవ్వాలి, లేదా ఆ నియమాలను యజమానికీ వర్తింపజేసే 'ఫోర్స్ రో లెవల్ సెక్యూరిటీ' పెట్టాలి. సూపర్‌యూజర్‌కు (డేటాబేస్‌లో అన్ని హక్కులూ ఉన్న ఖాతాకు) మాత్రం అది కూడా అడ్డు కాదు.

సమస్య: హక్కు ఉన్నవారికే తెరుచుకోవడం లేదు

విండోస్ షేర్డ్ ఫోల్డర్‌లో షేర్ పర్మిషన్ (నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి వర్తించేది), ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ (ఫైలు, ఫోల్డర్ మీదే ఉండేది) రెండూ అనుమతించాలి. రెండింటిలో కఠినమైనదే అమలవుతుంది. ఫైలును ఇటీవల కాపీ చేసి ఉంటే అది కొత్త ఫోల్డర్ పర్మిషన్లు తీసుకుని ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఏ లోపాన్ని సరిచేసినా, అది ఎప్పటి నుంచి ఉందో తేల్చి, ఆ వ్యవధిలో ఆ రికార్డును ఎవరెవరు తెరిచారో, ఎవరు డౌన్‌లోడ్ చేశారో ఆడిట్ లాగ్‌లో చూసి, ఆ వివరాలను రికార్డు బాధ్యత వహించే అధికారికి రాతపూర్వకంగా అందించాలి. లాగ్‌లు కొంతకాలం తర్వాత వాటంతట అవే చెరిగిపోయేలా అమర్చి ఉండవచ్చు కనుక, ఈ పనిని మరుసటి రోజుకు వాయిదా వేయకుండా ముందు లాగ్‌ను ఎగుమతి చేసి భద్రపరచాలి.