సంఘానికి గ్రాంటు వస్తుందంటే సంతకం పెట్టేముందు చూసుకోవాల్సినవి

కందుకూరు చుట్టుపక్కల పొదుపు పరపతి సంఘాలకు లెక్కలు రాస్తుంటాను. బయటి సంస్థ సాయం చేస్తుందనగానే సంఘంలో అందరికీ సంబరం, నాకు టెన్షన్.

ముందు ఆ డబ్బు దేనికో అడగండి. పుస్తకాలు రాసే అమ్మాయి జీతానికి, ఆడిట్‌కి, కంప్యూటర్‌కి అయితే కళ్లకద్దుకుని తీసుకోండి. జీతం విషయంలో మాత్రం తీర్మానం రాయించండి: మొదటి ఏడాది మొత్తం వాళ్లది, రెండో ఏడాది సగం, మూడో ఏడాది నుంచి మన వడ్డీ ఆదాయంలోంచే.

అప్పులుగా పంచడానికైతే ఆగండి. పొదుపు డబ్బు ఎగ్గొడితే పక్కింటావిడ ఊరుకోదు, అందులో ఆమె రూపాయీ ఉంది. గ్రాంటయితే "ఫారినోళ్లదేగా, నిదానంగా కడదాంలే వదినా" అంటారు. అడిగేవాళ్లూ గట్టిగా అడగరు. పైగా దాన్ని తక్కువ వడ్డీకి ఇస్తే, నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చే పొదుపు అప్పు ఎవరికి కావాలి? అందుకే రెండింటికీ ఒకే వడ్డీ పెట్టండి. బ్యాంకు ఖాతా, లెడ్జరు మాత్రం వేరుగా ఉండాలి.

గ్వాటెమాలాలో పరపతి సంఘాలు దాతల చవక డబ్బుకు అలవాటుపడి చితికిపోయాయి. 1987లో వాటిని బాగుచేసే పని మొదలైందీ అమెరికా సాయంతోనే, కాకపోతే ఈసారి సభ్యుల పొదుపు మీద నిలబెట్టడానికి. ఆ పనిలోంచి వచ్చిన పెర్ల్స్ (పరపతి సంఘం ఆర్థికంగా ఎంత గట్టిగా ఉందో చూసే) కొలతల ప్రకారం బయటినుంచి తెచ్చిన అప్పు ఆస్తుల్లో 5 శాతం దాటకూడదు. సభ్యుల పొదుపు 70-80 శాతం ఉండాలి. అంటే ఆస్తులు 20 లక్షలైతే బయటి అప్పు లక్షకు మించకూడదు. గ్రాంటు తిరిగి కట్టేది కాదు గనుక ఈ లెక్కలోకి రాదు, కానీ అప్పులకు వాడే గ్రాంటుకి నేను ఇదే గీత గీస్తాను.

"పేదోళ్లేం దాచగలరు" అని గ్రాంటిచ్చేవాళ్లంటే, 1992 సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచిన సంగతి చెప్పండి.

విదేశీ డబ్బయితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) చూసుకోండి. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న ఎన్జీవో కూడా ఆ డబ్బును ఇంకో సంఘానికి మళ్లించకూడదు. "మా ఖాతాలో పడగానే మీకు పంపిస్తాం" అంటే ఒప్పుకోకండి.

ఒప్పందంలో "మార్చిలోగా ఇంతమందికి అప్పులివ్వాలి" అన్న షరతు ఉంటే కొట్టేయించండి. మార్చిలో ఆ లెక్క నింపడానికే అప్పులిస్తే, జూన్ నుంచి బకాయిల కోసం ఇళ్ల చుట్టూ తిరగాల్సింది మీరే.